గంటకు ఎన్నిసార్లు? స్లీప్ అప్నియా పరీక్ష, మాస్క్‌తో తొలి నెలలు, ఒక అంకె చుట్టూ అల్లుకున్న చిక్కులు

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లాహిరి ముంబయిలో కన్నుమూసినప్పుడు, ఆయనకు చికిత్స చేసిన వైద్యులు కారణంగా అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియాను, అంటే నిద్రలో గొంతు మూసుకుని ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బును, పేర్కొన్నారు. తెలుగు సినిమాలకూ బాణీలు కట్టిన ఆయన మరణవార్తతో, అంతదాకా డాక్టర్ల చీటీలకే పరిమితమైన ఆ పేరు మన ఇళ్లలోనూ వినిపించింది. రెండేళ్ల తర్వాత, 2024లో, అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ మొదట శాంసంగ్ చేతి గడియారాలకూ ఆ తర్వాత యాపిల్ గడియారాలకూ స్లీప్ అప్నియా సూచనలు ఇచ్చే అనుమతి మంజూరు చేసింది. దాంతో గురక మీద భార్య చేసే ఫిర్యాదును పట్టించుకోనివారు సైతం మణికట్టు మీద కనిపించిన హెచ్చరికను చూసి ఆస్పత్రికి వెళ్తున్నారు. పరీక్ష చేయించుకుని బయటికి వచ్చేసరికి వారి చేతిలో నాలుగైదు పేజీల నివేదిక ఉంటుంది. అందులో ముదురు అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. జబ్బు ఉందా లేదా, ఉంటే ఎంత తీవ్రం, నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపే మెషీన్ కావాలా వద్దా, బీమా కంపెనీ డబ్బు ఇస్తుందా ఇవ్వదా అనే ప్రశ్నలన్నీ ఆ అంకె దగ్గరికే చేరతాయి. గందరగోళంలో చాలా భాగం పుట్టేదీ అక్కడే.

నిద్రలో గొంతులో జరిగేది

ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా గాలి వెళ్లే దారిలో, అంగిలి వెనుక నుంచి స్వరపేటిక వరకు ఉన్న కొద్దిపాటి భాగానికి ఎముకల ఆసరా లేదు. మెలకువగా ఉన్నంతసేపు అక్కడి కండరాలే దాన్ని తెరిచి పట్టుకుంటాయి. నిద్ర పట్టగానే ఆ బిగువు సడలుతుంది, నాలుక మొదలు వెనక్కి జారుతుంది. మెడలో కొవ్వు పేరుకున్నా, దవడ చిన్నదైనా, టాన్సిల్స్ పెద్దవైనా దారి ముందే ఇరుకై ఉంటుంది కాబట్టి, గాలిని లోపలికి లాగే ఊపుకే గోడలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. కొబ్బరి బోండంలో నానిపోయిన కాగితపు స్ట్రాతో గట్టిగా పీలిస్తే ఏమవుతుందో గొంతులోనూ అదే అవుతుంది. సగం మూసుకున్నప్పుడు వచ్చే అదురు గురక. పూర్తిగా మూసుకున్నప్పుడు శబ్దమే ఉండదు. గురక ఠక్కున ఆగి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి, ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్ద శబ్దంతో మళ్లీ మొదలవుతుంది. పక్కన పడుకున్నవారు ఆ నిశ్శబ్దాన్ని చూసి ‘ఇప్పటికి నిద్ర కుదిరింది’ అనుకోవడం కద్దు. వైద్యులు భయపడేది సరిగ్గా ఆ నిశ్శబ్దానికే.

ఆ కొన్ని సెకన్లలో రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి నిద్రను తేలికపరుస్తుంది, కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ ఎంత స్వల్పమంటే తెల్లవారాక చాలామందికి గుర్తే ఉండదు. ప్రతి మెలకువకూ రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది. ఇది రాత్రికి వందసార్లు జరిగినా, ‘నేను పడుకున్నది పడుకున్నట్టే లేచాను’ అని ఆ మనిషి నిజాయితీగానే చెబుతాడు.

ఇది అడ్డంకి వల్ల వచ్చే రకం. ఇంకొక రకంలో గొంతు తెరిచే ఉంటుంది, కాని ఊపిరి తీసుకోమన్న ఆదేశమే మెదడు నుంచి కొన్ని సెకన్లు రాదు. దాన్ని సెంట్రల్ స్లీప్ అప్నియా అంటారు. గుండె బలహీనపడినవారిలో, నల్లమందు జాతికి చెందిన నొప్పి మందులు వాడేవారిలో ఇది కనిపిస్తుంది. రెండింటికీ చికిత్స ఒకటి కాదు. పరీక్ష లేకుండా లక్షణాలను బట్టి మెషీన్ కొనుక్కోవడం పొరపాటు అనడానికి ఈ తేడా ముఖ్యమైన కారణం.

ఎవరి విషయంలో అనుమానించాలి

2023లో వెలువడిన ఒక భారతీయ సమీక్ష, అప్పటిదాకా మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి, పురుషుల్లో 13 శాతానికీ స్త్రీలలో 5 శాతానికీ, ఈ సమస్య ఉందని అంచనా వేసింది. వీరిలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. లక్షణాలన్నింటికీ ఇంట్లో మరో కారణం సిద్ధంగా ఉండటమే అందుకు కొంతవరకు కారణం. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తే షుగరు అనుకుంటాం, పొద్దున్నే తల బరువుగా ఉంటే బీపీ అనుకుంటాం, మధ్యాహ్నం కునుకు పడితే వయసు అనుకుంటాం. ఊపిరి అందని గుండె మీద పడే ఒత్తిడి వల్ల మూత్రం ఎక్కువగా తయారయ్యే హార్మోను విడుదలవుతుంది కాబట్టి, షుగరు అదుపులో ఉన్నా ఆ లేవడం ఆగకపోతే దాని మూలం గొంతులో ఉండవచ్చు. మూడు రకాల మందులు వాడినా దిగిరాని బీపీ విషయంలోనూ అంతే.

అనుమానాన్ని తూకం వేయడానికి రెండు ప్రశ్నావళులు వాడుకలో ఉన్నాయి. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ 1991లో రూపొందించిన ఎప్‌వర్త్ కొలమానం, టీవీ చూస్తున్నప్పుడు, భోజనం తర్వాత ఊరికే కూర్చున్నప్పుడు, ప్రయాణంలో ఉన్నప్పుడు, ఇలా 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశాన్ని 0 నుంచి 3 వరకు లెక్కిస్తుంది. మొత్తం 24కు 10 దాటితే పగటి మగత ఎక్కువన్నట్టు. రెండోది 2008లో టొరంటోలో పుట్టిన స్టాప్-బ్యాంగ్. గురక, అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, శరీర బరువు సూచీ (బీఎంఐ), వయసు, మెడ చుట్టుకొలత, పురుషుడా కాదా అనే 8 అంశాల్లో 5 లేదా అంతకు మించి ‘అవును’ వస్తే ముప్పు ఎక్కువ. అయితే అందులో బరువు సూచీకి పెట్టిన హద్దు 35. మన దేశంలో 25 దాటితే చాలు, ఊబకాయంగా లెక్కించే పద్ధతి ఉంది. అంత బరువు లేకుండానే, దవడ నిర్మాణం వల్లా మెడ, పొట్ట దగ్గర చేరిన కొవ్వు వల్లా స్లీప్ అప్నియా వచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. స్త్రీలలోనైతే పెద్ద గురకకు బదులు నిద్ర పట్టకపోవడం, నిస్సత్తువ, దిగులు ముందుకు వస్తాయి, నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. అందువల్ల ప్రశ్నావళిలో తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు లేదని తేల్చలేం. గడియారాల సంగతీ ఇంతే. అవి కొన్ని రాత్రుల పోకడను బట్టి అనుమానం చెబుతాయి. హెచ్చరిక రాకపోవడం జబ్బు లేదన్న ధ్రువీకరణ కాదు.

ల్యాబ్‌లో ఒక రాత్రి, లేదా ఇంట్లో ఒక రాత్రి

పూర్తి స్థాయి పరీక్షను పాలీసామ్నోగ్రఫీ అంటారు, ఆస్పత్రుల్లో అందరూ ‘స్లీప్ స్టడీ’ అనే అంటారు. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు వెళ్తే టెక్నీషియన్ నెత్తి మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద తీగలు అతికిస్తారు. ముక్కు దగ్గర గాలి వేగాన్ని కొలిచే సన్నని గొట్టం, ఛాతీకీ పొట్టకూ ఒక్కో పట్టీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. తలకు నూనె రాసుకుని వెళ్తే ఎలక్ట్రోడ్లు నిలవవు. గోళ్ల రంగు ఉంటే ఆక్సిజన్ అంకెలు తప్పుగా రావచ్చు. ఇన్ని తీగలతో, కొత్త మంచం మీద, కెమెరా చూస్తుండగా నిద్ర పడుతుందా అన్నది అందరి అనుమానం. మామూలుకంటే తక్కువగానే పడుతుంది, కాని కొన్ని గంటల నిద్ర దొరికినా సాధారణంగా నిర్ధారణకు సరిపోతుంది. జబ్బు తీవ్రమని మొదటి రెండు మూడు గంటల్లోనే స్పష్టమైతే అదే రాత్రి మాస్క్ పెట్టి, ఎంత పీడనం దగ్గర ఊపిరి సాఫీ అవుతుందో మిగతా సగంలో చూసే పద్ధతి కూడా ఉంది.

ఇంటి పరీక్షలో తల మీది తీగలు ఉండవు. ముక్కు గొట్టం, ఛాతీ పట్టీ, వేలి క్లిప్పు ఉన్న చిన్న పరికరం ఇచ్చి పంపుతారు, లేదా సిబ్బంది ఇంటికి వచ్చి అమర్చి వెళ్తారు. ఖర్చు తక్కువ, సొంత మంచం, సొంత దిండు. స్లీప్ ల్యాబ్ ఉన్న ఊరికి ప్రయాణం కట్టాల్సిన పని తప్పుతుంది. మిగతా పెద్ద జబ్బులేవీ లేకుండా, లక్షణాలు బలంగా ఉన్నవారికి ఇది చాలునని వైద్య సంఘాల మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. గుండె వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం ఉన్నవారికి, సెంట్రల్ రకం అనుమానం ఉన్నవారికి మాత్రం ల్యాబ్‌నే సూచిస్తాయి.

ఇంటి పరీక్షకు ఉన్న లోపం దాని లెక్కలోనే ఉంది. మెదడు తరంగాలు చూడని ఆ పరికరానికి మనిషి ఎప్పుడు నిద్రపోయాడో ఖాయంగా తెలియదు కాబట్టి, సాధారణంగా రికార్డు చేసిన సమయమంతటితో భాగిస్తుంది. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన రాత్రి 10కి పరికరం పెట్టుకుని ఉదయం 6కి తీశారు. 8 గంటల్లో 90 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరిగింది. 90ని 8తో భాగిస్తే గంటకు 11.25, అంటే స్వల్పం (15 దాటితే మధ్యస్థం). కాని ఆయన అటూఇటూ దొర్లుతూ నిద్రపోయింది 5 గంటలే అయితే, అసలు లెక్క గంటకు 18, అంటే మధ్యస్థం. ఆక్సిజన్ పెద్దగా పడకుండా మెలకువతో ముగిసిన ఘటనలు ఇంటి పరికరానికి కనిపించవు. అలాంటివి మరో 20 ఉన్నాయనుకుంటే ల్యాబ్‌లో ఆయన అంకె 22 అయ్యేది. మనిషి ఒకడే, గొంతు ఒకటే. అందుకే లక్షణాలు బలంగా ఉండి ఇంటి పరీక్షలో ఏమీ లేదని వస్తే, కథ ముగిసిందని అనకుండా ల్యాబ్‌లో మళ్లీ చూడటం ఆనవాయితీ.

ఆ అంకె దేన్ని లెక్కిస్తుంది, దేన్ని వదిలేస్తుంది

నివేదికలోని ఆ అంకె పేరు ఏహెచ్‌ఐ. గాలి ప్రవాహం 90 శాతం లేదా అంతకంటే ఎక్కువ తగ్గి కనీసం 10 సెకన్లు అలాగే ఉంటే దాన్ని అప్నియా అంటారు. కనీసం 30 శాతం తగ్గి, దానితోపాటు ఆక్సిజన్ పడినా మెలకువ వచ్చినా హైపాప్నియా అంటారు. ఈ రెండూ కలిపి గంటకు సగటున ఎన్ని అన్నదే ఏహెచ్‌ఐ. పెద్దవారిలో 5లోపు సాధారణం, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం. పిల్లలకు ఈ హద్దులు వర్తించవు, వారిలో గంటకు ఒక్కసారి ఆగినా పట్టించుకుంటారు.

హైపాప్నియా నిర్వచనం దగ్గరే మొదటి చిక్కు. ఆక్సిజన్ 3 శాతం పడినా లేదా మెలకువ వచ్చినా లెక్కించాలని అమెరికన్ నిద్ర వైద్య అకాడమీ సిఫారసు చేస్తుంది. 4 శాతం పడితేనే లెక్క అన్నది అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ పాటించే నియమం. ఒకే రాత్రి రికార్డింగుకు మొదటి పద్ధతిలో ఎక్కువ అంకె, రెండో పద్ధతిలో తక్కువ అంకె వస్తాయి. హైదరాబాదులో చేయించుకున్న పరీక్షకూ డాలస్‌లో చేయించుకున్న పరీక్షకూ తేడా కనిపిస్తే, జబ్బు మారిందనుకునే ముందు చూడాల్సింది ఏ నియమంతో లెక్క కట్టారన్నది.

రెండో చిక్కు, సగటు అనేది దేన్నైనా చదును చేస్తుంది. 6 గంటలు నిద్రపోయిన ఒకావిడ ఏహెచ్‌ఐ 14 అనుకుందాం. ఆ 6 గంటల్లో 2 గంటలు వెల్లకిలా పడుకున్నప్పుడు 70 ఘటనలు, 4 గంటలు పక్కకు తిరిగి పడుకున్నప్పుడు 14 ఘటనలు జరిగాయి. మొత్తం 84, భాగిస్తే 14. కాని వెల్లకిలా ఉన్నప్పుడు ఆవిడ అంకె 35, పక్కకు తిరిగినప్పుడు 3.5. ఇలాంటివారిలో కొందరికి వెల్లకిలా పడుకోకుండా చూసుకోవడమే చికిత్సలో పెద్ద భాగం అవుతుంది. పరీక్ష రాత్రి ఆవిడ ఒక్కసారి కూడా వెల్లకిలా పడుకోకపోతే నివేదిక ‘సాధారణం’ అని వచ్చి ఉండేది. కలల నిద్రలో కండరాలు మరింత సడలుతాయి కాబట్టి, ఆ దశ సరిగా రాని రాత్రి కూడా అంకె తగ్గి కనిపించవచ్చు.

మూడో చిక్కు మీద నిపుణుల మధ్యనే వాదన నడుస్తోంది. ఏహెచ్‌ఐ ఎన్నిసార్లు అనేది చెబుతుంది, ఎంతసేపు అనేది చెప్పదు. ఏహెచ్‌ఐ 20 ఉన్న ఇద్దరు చెరి 6 గంటలు నిద్రపోయారనుకుంటే ఇద్దరికీ 120 ఘటనలు జరిగినట్టు. మొదటి వ్యక్తికి ఒక్కొక్కటి 12 సెకన్లు ఉంటే మొత్తం 24 నిమిషాలు. రెండో వ్యక్తికి 40 సెకన్లు ఉంటే 80 నిమిషాలు. ఇద్దరి నివేదికల మీదా ‘మధ్యస్థం’ అన్న మాటే ఉంటుంది. ఆక్సిజన్ ఎంత లోతుకు, ఎంతసేపు పడిందో కలిపి కొలిచే పద్ధతే గుండె జబ్బుల ముప్పును మెరుగ్గా చెబుతుందని ఒక వర్గం పరిశోధకులు అంటారు. దశాబ్దాల అధ్యయనాలన్నీ ఏహెచ్‌ఐ మీద నిర్మితమయ్యాయి, బీమా నుంచి మందుల అనుమతుల దాకా అన్నీ దానికే ముడిపడ్డాయి, కొత్త కొలతకు అందరూ ఒప్పుకునే హద్దులు ఇంకా కుదరలేదు అన్నది రెండో వర్గం మాట. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. రోగి వైపు నుంచి చూస్తే, నివేదికలో ఏహెచ్‌ఐ కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘అతి తక్కువ ఆక్సిజన్’, ‘90 శాతం కంటే తక్కువగా గడిపిన సమయం’ అనే రెండు వరుసలు ముదురు అక్షరాల అంకెకంటే తక్కువవేమీ కావు.

మాస్క్‌తో తొలి వారాలు ఎందుకు కష్టం

1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు, ముక్కు ద్వారా కొద్దిపాటి పీడనంతో గాలి పంపితే గొంతు మూసుకోకుండా నిలుస్తుందని చూపించారు. ఆ ఆలోచనే నేటి సీప్యాప్ మెషీన్. అది ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కాదు, వెంటిలేటరూ కాదు. గదిలోని గాలినే వడగట్టి, సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనంతో పంపుతుంది, ఆ గాలే గొంతు గోడలను ఎడంగా పట్టి ఉంచుతుంది. పీడనం ఒకే స్థాయిలో ఉండేది మామూలు సీప్యాప్, అవసరాన్ని బట్టి పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయేది ఆటో సీప్యాప్, పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఇచ్చేది బైప్యాప్.

అది పనిచేస్తుందా అన్న దానిలో వివాదం లేదు, పెట్టుకున్నంతసేపు గొంతు తెరిచే ఉంటుంది. వివాదమంతా పెట్టుకోవడం గురించే. వదిలే ఊపిరికి గాలి ఎదురొస్తున్నట్టు ఉంటుంది. ముఖాన్ని ఎవరో అదిమిపట్టినట్టు కొందరికి గుండె దడ వస్తుంది. తెల్లవారుజామున చూసుకుంటే మాస్క్ దిండు పక్కన పడి ఉంటుంది, తీసిన జ్ఞాపకం ఉండదు. వీటిలో చాలావాటికి నిర్దిష్టమైన కారణాలు ఉన్నాయి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే రకం, ముక్కును కప్పే రకం, ముక్కూ నోరూ కలిపి కప్పే రకం అని మాస్కులు మూడు తరహాలు. నోటితో ఊపిరి తీసే అలవాటున్నవారికి మొదటి రెండూ ఇస్తే గాలి నోట్లోంచి పోయి నాలుక పిడచకట్టుకుపోతుంది. ముక్కు దిబ్బడ, వంకర దూలం ఉన్నవారికి ముందు ఈఎన్‌టీ డాక్టరు దాన్ని సరిచేయకపోతే మాస్క్ కుదరడం కష్టం. గుబురు మీసం కిందనుంచి, రాత్రి రాసుకున్న క్రీము మీదనుంచి గాలి జారుతుంది. ఆ లీకు కళ్లలోకి కొడితే పొద్దున్నే కళ్లు ఎర్రబడతాయి. లీకు ఆపడానికి పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది. సరైన కొలత మాస్క్‌కు అంత బిగింపు అవసరం ఉండదు. మింగిన గాలితో పొట్ట ఉబ్బితే, పీడనం అవసరానికి మించి ఉందేమో డాక్టరు చూస్తారు.

గాలిని తేమపరిచే హ్యూమిడిఫైయర్ సంగతి మన వాతావరణాన్ని బట్టి ఉంటుంది. దానికి డిస్టిల్డ్ వాటరు వాడమని తయారీదారులు చెబుతారు. బోరు నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లోనే తొట్టి అడుగున తెల్లటి పొర కడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల ఉక్కలో కొందరికి అసలు దాని అవసరమే ఉండదు. ఏసీ గదిలో అదే తేమ గొట్టంలో చల్లబడి చుక్కలుగా మారి ముఖం మీద పడుతుంది, తేమ స్థాయి తగ్గించినా, వెచ్చబడే గొట్టం వాడినా అది పోతుంది. కరెంటు పోతే మెషీన్ ఆగుతుంది. ఇంటి ఇన్వర్టరు మీద నడుస్తుంది గాని, హ్యూమిడిఫైయర్ వేడి చేసే భాగం చాలా విద్యుత్తు లాగుతుంది కాబట్టి దాన్ని ఆపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

ఊపిరాడని భయానికి స్లీప్ క్లినిక్కులు వాడే పద్ధతి మెల్లమెల్లగా అలవాటు చేయడం. పగలు, మెలకువగా, టీవీ చూస్తూ మాస్క్‌ను మొదట గొట్టం లేకుండా, తర్వాత గాలితో పెట్టుకోవడం, ఆ తర్వాతే రాత్రికి మారడం. తక్కువ పీడనంతో మొదలై నిద్ర పట్టేలోపు మెల్లగా పెరిగే సదుపాయం, ఊపిరి వదిలేటప్పుడు పీడనం తగ్గే సదుపాయం ఇప్పటి మెషీన్లలో చాలావాటికి ఉన్నాయి. మన దగ్గర మెషీన్ చాలాసార్లు ఏజెన్సీ మనిషి ఇంటికి తెచ్చి, అరగంటలో చూపించి వెళ్లిపోయే వస్తువు. ఆ సదుపాయాలు ఆపేసి ఉన్నాయని వాడేవారికి తెలియదు. మాస్క్ మార్చి చూసే అవకాశం ఉందని అంతకన్నా తెలియదు. నా అంచనాలో మెషీన్ అటక ఎక్కడానికి రోగి ఓపిక లేమికంటే ఈ లోటే పెద్ద కారణం.

మెషీన్ చూపే అంకె, రాత్రి మొత్తం మీద అంకె

చికిత్స మొదలయ్యాక అదే ఏహెచ్‌ఐ మరో వేషంలో ఎదురవుతుంది. మెషీన్ తెర మీద, ఫోన్ యాప్‌లో ప్రతి ఉదయం ఒక అంకె కనిపిస్తుంది. 5లోపు ఉంటే బాగున్నట్టని చెబుతారు. ఆ అంకె మాస్క్ ముఖం మీద ఉన్న సమయానికి మాత్రమే వర్తిస్తుంది.

లెక్క చూద్దాం. చికిత్సకు ముందు ఏహెచ్‌ఐ 40 ఉన్న వ్యక్తి రాత్రికి 7 గంటలు నిద్రపోతాడు. మాస్క్ మూడున్నర గంటలు పెట్టుకుని తీసేస్తాడు. పెట్టుకున్నంతసేపు ఏహెచ్‌ఐ 3, అంటే సుమారు 10 ఘటనలు. తీసేశాక మూడున్నర గంటలు మళ్లీ పాత 40, అంటే 140 ఘటనలు. మొత్తం 150ని 7తో భాగిస్తే గంటకు 21 దాటుతుంది. తెర మీద 3 కనిపిస్తున్న మనిషి నిజానికి ఆ రాత్రి మధ్యస్థమైన స్లీప్ అప్నియాతో గడిపాడు. పైగా కలల నిద్ర ఎక్కువగా వచ్చేది రాత్రి రెండో సగంలో, అంటే మాస్క్ తీసేసిన గంటల్లో. కాబట్టి అసలు లెక్క ఇంకా అధ్వానంగా ఉండవచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ‘4 గంటలు’ అనే మాట బాగా పరిచయం. తొలి 3 నెలల్లో ఏదైనా వరుస 30 రోజుల్లో, 70 శాతం రాత్రులు, అంటే 21 రాత్రులు, కనీసం 4 గంటల చొప్పున వాడినట్టు మెషీన్ పంపే సమాచారం చెబితేనే మెడికేర్ చెల్లింపు కొనసాగిస్తుంది. చాలా ప్రైవేటు బీమా కంపెనీలూ ఇలాంటి షరతే పెడతాయి. అది చెల్లింపు కోసం గీసిన గీత. ఆరోగ్యానికి 4 గంటలు చాలునన్న అర్థం అందులో లేదు. వాడిన గంటలు పెరిగేకొద్దీ పగటి మగత ఇంకా తగ్గుతూ పోతుందనే అధ్యయనాలు చూపుతున్నాయి. మన దేశంలో ఆ నిఘా లేదు, ఆ బీమా కూడా చాలామందికి లేదు. మెషీన్ ఖర్చు ఎక్కువగా జేబులోంచే పోతుంది.

గుండెను కాపాడుతుందా అన్న వాదన

పగటి మగత, గురక, చిరాకు, బండి నడుపుతుండగా కునుకు, ఈ విషయాల్లో సీప్యాప్ మేలు చేస్తుందన్నది స్థిరపడిన సంగతి. రక్తపోటును సగటున 2, 3 పాయింట్లు తగ్గిస్తుంది, మందులకు లొంగని బీపీ ఉన్నవారిలో ఇంకొంచెం ఎక్కువ. గుండెపోటు, పక్షవాతాలను ఆపుతుందా అన్నచోట వాదన మొదలవుతుంది.

స్పెయిన్ పరిశోధకులు 2005లో ప్రచురించిన దీర్ఘకాల పరిశీలనలో, చికిత్స తీసుకోని తీవ్ర రోగులకు గుండె జబ్బులు ఎక్కువగా వచ్చాయి, మెషీన్ వాడినవారికి తక్కువగా వచ్చాయి. ఆ తర్వాత చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి చేసిన సేవ్ అనే పెద్ద ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. భారతదేశం సహా పలు దేశాల నుంచి, అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మందిని తీసుకున్నారు. సగటున 3.7 ఏళ్ల తర్వాత చూస్తే గుండె సంబంధ ఘటనలు సీప్యాప్ వర్గంలో 17 శాతం మందికి, మామూలు వైద్యం వర్గంలో 15.4 శాతం మందికి కలిగాయి. గణాంకపరంగా తేడా లేనట్టే. మగత, మానసిక స్థితి, జీవన నాణ్యత మాత్రం మెరుగుపడ్డాయి.

దీన్ని చూసి మెషీన్ వృథా అన్నవారున్నారు. వారికి ఎదురు చెప్పేవారు మూడు విషయాలు ఎత్తిచూపుతారు. ఆ ప్రయోగంలో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే, పై లెక్కలోని మనిషికంటే తక్కువ. విపరీతమైన మగత ఉన్నవారినీ, ఆక్సిజన్ మరీ పడిపోయేవారినీ నైతిక కారణాలతో ముందే పక్కనపెట్టారు, మేలు ఎక్కువ కలగాల్సింది వారికే కావచ్చు. పైగా గుండె అప్పటికే దెబ్బతిన్నవారి మీద వచ్చిన ఫలితాన్ని దెబ్బతినని వారికి అంటగట్టలేం. దీనికీ జవాబు ఉంది. రోజూ మాస్క్ పెట్టుకునే క్రమశిక్షణ ఉన్నవారు బీపీ మాత్రలూ వేళకు వేసుకుంటారు, నడకకూ వెళ్తారు. కాబట్టి ‘బాగా వాడినవారికి మేలు జరిగింది’ అన్న లెక్కలో ఎంత మెషీన్ వల్ల, ఎంత మనిషి వల్ల అన్నది విడదీయడం కష్టం. ప్రస్తుతానికి చెప్పగలిగింది ఇంతే: లక్షణాలు ఉన్నవారికి చికిత్స ఎందుకు ఇవ్వాలో స్పష్టంగా ఉంది. ఏ లక్షణమూ లేకుండా ఏహెచ్‌ఐ 16 వచ్చిన వ్యక్తికి గుండె కోసం మాత్రమే మెషీన్ ఇవ్వాలనడానికి ఆధారం పలుచనగా ఉంది.

సెంట్రల్ రకంలో సంగతి ఇంకా సున్నితం. గుండె పంపు శక్తి బాగా తగ్గినవారిలో ఒక ప్రత్యేక తరహా మెషీన్ వాడితే మరణాలు పెరిగాయని 2015లో ఒక ప్రయోగం తేల్చింది. ఊపిరి లెక్క చక్కబడి, మనిషికి చేటు జరిగిన సందర్భం అది.

బరువు, మందు, మళ్లీ పరీక్ష

మెషీన్ ఒక్కటే దారి కాదు. స్వల్ప, మధ్యస్థ స్థాయిల్లో కింది దవడను ముందుకు లాగి పట్టే నోటి పరికరాన్ని దంతవైద్యులు చేసిస్తారు. ఏహెచ్‌ఐని సీప్యాప్ అంతగా తగ్గించదు గాని, రాత్రంతా నోట్లో ఉంటుంది కాబట్టి మొత్తం ఫలితంలో అంత వెనకబడదు. పిల్లలకు తరచుగా టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయడమే మొదటి చికిత్స. పెద్దవారిలో గొంతు శస్త్రచికిత్సల ఫలితం ఎవరి అడ్డంకి ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి చాలా మారుతుంది.

బరువు ప్రభావం పాత సంగతే. బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు నాలుగోవంతు తగ్గుతుందని, 10 శాతం పెరిగితే సుమారు మూడోవంతు పెరుగుతుందని అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసిన పరిశీలన 2000లోనే చూపింది. కొత్త సంగతి టిర్జెపటైడ్ అనే వారానికో ఇంజెక్షను. ఊబకాయంతోపాటు మధ్యస్థ, తీవ్ర స్లీప్ అప్నియా ఉన్నవారికి దాన్ని వాడేందుకు 2024 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతించింది. 2025 మార్చిలో ఆ మందు మౌంజారో పేరుతో మధుమేహానికీ బరువుకూ మన దేశంలోకి వచ్చింది. దాని ప్రయోగాల్లో చేరినవారి ఏహెచ్‌ఐ సగటున 50 దగ్గర ఉండగా, ఏడాదిలో అందులోంచి 25 నుంచి 29 మేర తగ్గింది. శీర్షికల్లో ఇది ‘మాస్క్ అక్కర్లేదు’ అని వచ్చింది. 50లోంచి 25 తీసేస్తే ఇంకా 25 మిగులుతుంది, అది మధ్యస్థం. కొందరికి మెషీన్ అవసరమే లేని స్థాయికి పడిపోయింది, కొందరికి పడలేదు. చేరినవారి సగటు బరువు సూచీ 39 అని కూడా గుర్తుంచుకోవాలి. 26, 27 సూచీతో, చిన్న దవడతో స్లీప్ అప్నియా వచ్చిన వ్యక్తికి అదే ఫలితం వస్తుందని ఆ ప్రయోగాలు చెప్పవు.

ఎవరు ఏ వర్గంలో పడ్డారో బరువు తూచి తేల్చలేం, గురక తగ్గిందని కూడా తేల్చలేం. బరువు బాగా మారాక, శస్త్రచికిత్స అయ్యాక, నోటి పరికరం అమరాక పరీక్ష మళ్లీ చేస్తారు. సీప్యాప్ అవసరం ఇంకా ఉందా అన్నది ప్రశ్న అయితే, డాక్టరు సూచించిన మేరకు మెషీన్ ఆపి ఆ పరీక్ష చేస్తారు. ఆ రాత్రి వెల్లకిలా ఎంతసేపు పడుకున్నారో, లెక్క 3 శాతం నియమంతో కట్టారా 4 శాతంతోనా, భాగించింది నిద్ర గంటలతోనా రికార్డింగు గంటలతోనా అన్నవి పాత నివేదికతో సరిపోలితేనే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటానికి వీలవుతుంది.